పూడిన రేవు, త్రవ్విన రేవు

మా తమ్ముడు ముప్పై ఏళ్లకు పైగా డ్రెడ్జరు ఓడలమీద పని చేశాడు. "మీ తమ్ముడు ఏం చేస్తాడండీ?" అని సంఘంలో ఎవరైనా అడిగితే "సముద్రంలో మట్టి తీస్తాడు" అని చెప్పేదాన్ని. విని నవ్వినవారే ఎక్కువ. సముద్రంలో మట్టి తీయడమేమిటి, తీస్తే తరుగుతుందా అని. నిజం చెప్పవలెనంటే నాకూ అంతకు మించి తెలియదు. కిందటి సంవత్సరం ఫిబ్రవరిలో అతని పదవీ విరమణకు ఇంట్లో కృతజ్ఞత కూడిక పెట్టుకొన్నామని, మేమిద్దరం తప్పక రావాలని కబురు చేశాడు. అలా విశాఖపట్నం వెళ్లాము. ఆ ప్రయాణంలో చూచినవి, విన్నవి మన పాఠకులతో, ముఖ్యంగా కాలువ చివర పొలాలున్న కుటుంబాలతో పంచుకోవాలని ఇది వ్రాస్తున్నాను.

మా వారు మొదట రానన్నారు. అందుకు కారణం చెబితేగాని తక్కిన సంగతి అర్థం కాదు.

మాది కోనసీమ. కాటన్ దొరగారు 1847లో మొదలుపెట్టి 1852 నాటికి ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట కట్టించిన తరువాత మా ప్రాంతానికి కాలువలు వచ్చాయి. ఆ కాలువలు చేలకు నీళ్లివ్వడానికి మాత్రమే త్రవ్వినవి కావు, పడవలు నడవడానికి కూడా. మా నాయనమ్మ కాపురానికి వచ్చింది పడవమీదనే. ధాన్యం, కొబ్బరికాయలు, పెండ్లివారు, పాదిరిగార్లు అందరూ పడవల్లోనే తిరిగేవారట. పంట కాలువ నీళ్లు తెస్తుంది, మురుగు కాలువ మిగిలిన నీళ్లను సముద్రానికి తీసుకొనిపోతుంది. రెండవది పని చేయకపోతే మొదటిదానివల్ల లాభం లేదు. మా రెండెకరాల చేను ఆ మురుగు కాలువ దిగువనే ఉంది. కాలువలో పూడిక, దానిమీద గుర్రపుడెక్క. నాలుగు రోజులు వాన కురిస్తే నీరు వెళ్లే దారి లేక చేలమీదికి ఎక్కుతుంది. 2011లో కోనసీమ రైతులు సార్వా వేయకుండా పంట విరామం ప్రకటించిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. గిట్టుబాటు ధర లేకపోవడంతోపాటు ఈ మునక బాధ కూడా అందుకు ఒక కారణం. మా వారు కూడా ఆ ఏడు నారు పోయలేదు.

పూడిక తీయరా అంటే, తీస్తారు. పొక్లెయిను వస్తుంది, నాలుగు రోజులు చప్పుడు చేస్తుంది, తీసిన బురదంతా గట్టుమీదనే కుప్ప వేసి వెళ్లిపోతుంది. తొలకరి వానకు ఆ కుప్ప కరిగి మళ్లీ కాలువలోకే జారుతుంది. అంతకు ముందటి సార్వాలో మా చేను పొట్టమీద ఉండగా ఆరు రోజులు నీళ్లలో నానింది. ఆ కోపం మా వారికి ఇంకా తీరలేదు. "మట్టి తీసేవాళ్లను చూడడానికి విశాఖ దాకా పోవాలా? మన గట్టుమీద చూచింది చాలదా?" అన్నారు. తమ్ముడు ఫోనులో, "బావగారూ, మీరు వస్తే ఆ మట్టి సంగతే మాట్లాడుకొందాం" అన్నాడు. అప్పుడు బయలుదేరారు.

ఎదుర్లంక దగ్గర గౌతమిమీద వంతెన దాటితే యానాం. అక్కడినుండి కాకినాడ రోడ్డులో తాళ్లరేవు దగ్గర మా వారి పెద్దమ్మ కొడుకు ఉన్నారు. ఆ పూట అక్కడ దిగాము. ఆయన మమ్మల్ని కోరంగి చూపించడానికి తీసుకొనివెళ్లారు. కోరంగి అంటే ఇప్పుడు మడ అడవులు, పర్యాటకుల పడవలు, కర్రల వంతెన. పిల్లలను తీసుకొని వెళ్లదగిన చోటే. అయితే మా బావగారు మమ్మల్ని నిలబెట్టి చూపించినది అడవిని కాదు. "ఇక్కడ ఓడలు కట్టేవారమ్మా" అన్నారు. బురద, దానిలో పీతల బొరియలు, ఒక సన్నటి పాయ. నేను నమ్మలేదు.

తరువాత తెలుసుకొంటే అది నిజమే. పద్దెనిమిదో శతాబ్దంలో, పందొమ్మిదో శతాబ్దం మొదట్లో తూర్పు తీరంలో ఓడలు కట్టడానికి, బాగు చేయడానికి కోరంగికి పెద్ద పేరు. ఇక్కడినుండి ఓడలెక్కి బర్మా వెళ్లిన మనవాళ్లు ఎంతమందంటే, బర్మా దేశంలో తెలుగువారందరికీ కోరంగీలనే పేరు పడిపోయింది. 1789లోను, 1839లోను వచ్చిన తుపానులు ఊరిని ఊడ్చిపెట్టాయని మన పెద్దలు చెప్పేవారు. అవి వచ్చినమాట నిజం. కాని తుపాను పోయిన తరువాత మనుష్యులు మళ్లీ ఇళ్లు కట్టుకొంటారు, ఓడలు మళ్లీ వస్తాయి. రేవును చంపినది గోదావరి మట్టి. ప్రతి వరదకూ నది తెచ్చిన ఒండ్రు మూతి దగ్గర పేరుకొన్నది. పెద్ద ఓడలు రావడం మానివేశాయి, తరువాత చిన్నవీ మానివేశాయి. తుపాను ఒక రాత్రిలో చేయలేనిది మట్టి నిదానంగా నూరేళ్లలో చేసింది. మన లంకలను, మన చేలను ఇచ్చింది కూడా ఆ ఒండ్రే కదా, దాన్ని తిట్టడానికి నోరు రాదు.

కాకినాడ దగ్గర కూడా అదే కథ మరొక విధంగా జరిగింది. నది తెచ్చిన ఇసుక సముద్రంలోకి పొడుగ్గా సాగి హోప్ ఐలాండు అయింది. అది అడ్డంగా ఉండడంవలన లోపలి నీరు నిమ్మళంగా ఉంటుంది. కాని లోతు తక్కువ. అందుచేత ఓడలు మైళ్ల దూరాన లంగరు వేసుకొని ఉంటే, పడవల్లో సరుకు తీసుకొనివెళ్లి ఎక్కించేవారు. ఓడ ఒడ్డుకు ఆనుకొనే రేవు అక్కడ 1990ల చివరలోగాని పని మొదలుపెట్టలేదు. ఇవన్నీ చూచి మా వారు మెత్తబడతారనుకొన్నాను. రాత్రి సామర్లకోటలో రైలెక్కిన తరువాత, "చూచావా, నూరేళ్లు ఊరుకొంటే రేవే పోయింది. మన కాలువ ఎంత?" అని అటు తిరిగి పడుకొన్నారు.

తెల్లవారి విశాఖలో దిగాము. కూడిక సాయంకాలం. ప్రొద్దున కాఫీలు కాగానే తమ్ముడు మమ్మల్ని పాత ఊరి వైపు రాస్ కొండకు తీసుకొనివెళ్లాడు. రాస్ అనే దొర 1864లో దానిమీద ఇల్లు కట్టుకొన్నందున ఆ పేరు వచ్చిందంటారు. ఆ ఇల్లే తరువాత మరియమాత గుడి అయింది. ప్రక్కనే దర్గా కొండ, ఆ ప్రక్కనే వేంకటేశ్వరస్వామి కొండ. మూడు కొండలూ ఒకదాన్ని ఒకటి ఆనుకొని, రేవులోకి వచ్చే నీటిదారి ఒడ్డున నిలబడి ఉంటాయి. ఎదురుగా ఆవలి ఒడ్డున డాల్ఫిన్ నోస్ కొండ, దానిమీద దీపస్తంభం. మధ్యలో ఉన్న దారి పైనుండి చూస్తే మా ఊరి పాయకంటె పెద్ద వెడల్పు కాదనిపించింది. మేము చూస్తుండగానే ఎర్రటి అడుగుతో ఒక పెద్ద ఓడ రెండు టగ్గుల మధ్య ఆ దారిలోకి వచ్చింది. కొండను రాసుకొని పోతుందేమోనని నేను కళ్లు మూసుకొన్నాను. తమ్ముడు నవ్వి, "అక్కా, నీకు కనపడే దారి వేరు, ఓడకు కావలసిన దారి వేరు. అసలు దారి నీళ్ల క్రింద ఉంటుంది. దాన్ని మేము త్రవ్వి పెడతాం" అన్నాడు.

ఆ కొండమీద కూర్చుని అతడు చెప్పినదంతా వ్రాయాలంటే పత్రిక చాలదు. కొంత వ్రాస్తాను.

ఒకప్పుడు ఇక్కడ ఉన్నది మేఘాద్రి గెడ్డ వచ్చి సముద్రంలో కలిసే ఉప్పు కయ్య. ఆటుపోట్లకు నిండి తగ్గే బురద నేల. చెట్లు, దోమలు. ఆ కయ్య లోపల ఓడలకు మంచి చోటు చేయవచ్చునని మొదటి ప్రపంచ యుద్ధం తరువాత నిర్ణయమైంది. అప్పటి బెంగాల్ నాగపూర్ రైల్వేవారు మధ్య పరగణాల నుండి మాంగనీసు ఖనిజం ఎగుమతి చేయడానికి ఈ రేవు కోరారు. 1927 నుండి 1933 వరకు పని సాగింది. నౌకలకు నూతి వంటి లోతు చేయడానికి డ్రెడ్జర్లు బురద తోడాయి. తోడిన బురదను ఎక్కడ పోశారు? ఇదీ మా వారు ముందుకు వంగి విన్న భాగం. దాన్ని దూరం పారవేయలేదు. గొట్టాలగుండా ప్రక్కనున్న పల్లపు నేలమీదికే పంపు చేశారు. నీరు ఇంకిపోయి మట్టి మిగిలింది. అలా ఎత్తు చేసిన నేలమీద గోదాములు, రైలు పట్టాలు, ఖనిజం కుప్పలు పోసే మైదానాలు వచ్చాయి. అంటే ఒకే పనితో ఒకవైపు ఓడకు లోతు, మరొకవైపు మనిషికి మెరక. 1933 అక్టోబరు 7న జలదుర్గ అనే ఓడ మొదటిగా లోపలికి వచ్చింది. ఆ డిసెంబరు 19న వైస్రాయి విల్లింగ్డన్ ప్రభువు లాంఛనంగా రేవు ప్రారంభించాడు. మూడు బెర్తులతో, ఏడాదికి లక్షా ముప్పై వేల టన్నుల సరుకుతో మొదలైన రేవు 2023-24లో 8 కోట్ల టన్నులు దాటింది.

"అయితే ఒకసారి త్రవ్వితే అయిపోయినట్టేనా?" అని అడిగాను. తమ్ముడు బావగారివైపు చూచి, "అయిపోతే నాకు ముప్పై ఏళ్లు జీతమెవరిస్తారు?" అన్నాడు.

మన తూర్పు తీరంలో అలలు ఏడాదిలో ఎక్కువ కాలం దక్షిణపు వైపునుండి వచ్చి ఒడ్డును ఏటవాలుగా తాకుతాయి. తాకినప్పుడల్లా ఇసుకను కొంచెం కొంచెం ఉత్తరానికి జరుపుతాయి. ఏడాది పొడుగునా లెక్క వేస్తే లక్షల ఘనపు మీటర్ల ఇసుక మన కాళ్లముందే దక్షిణం నుండి ఉత్తరానికి నడిచిపోతూ ఉంటుంది. ఇసుక నది అన్నమాట, కంటికి కనబడని నది. దానికి అడ్డంగా రేవు దారి త్రవ్వితే ఆ ఇసుకంతా ఆ గోతిలో పడుతుంది. గోడ కడితే గోడకు దక్షిణాన ఇసుక నిండుతుంది, ఉత్తరాన ఉన్న ఒడ్డుకు రావలసిన ఇసుక రాక అది కోసుకొనిపోతుంది. మద్రాసులో 1876 తరువాత రేవు గోడలు కట్టగా ఇదే జరిగింది. దక్షిణాన మెరీనా ఇసుకతిన్నె అంత వెడల్పయింది ఆ గోడలవల్లనే. ఉత్తరాన రాయపురం వైపు ఇళ్లు సముద్రంలో పడ్డాయి.

విశాఖలో ఇంజనీర్లకు ఆ సంగతి ముందే తెలుసు. అందుకని దారికి దక్షిణాన, డాల్ఫిన్ నోస్ దగ్గర, రెండు పాత ఓడలను రాళ్లు నింపి ముంచి అడ్డుగా పెట్టారట. వాటి చాటున ఇసుక పోగయ్యేది. దాన్ని డ్రెడ్జరుతో తోడి ఆవలి ఒడ్డుకు పంపేవారు. ఓడలకు దారి చేయడానికి ఓడలనే ముంచారని విని నాకు ఆశ్చర్యం వేసింది. తరువాత 1976లో పెద్ద ఓడలకోసం బయట సముద్రంలో గోడలు కట్టి అవుటర్ హార్బరు తెరిచారు. ఇప్పుడు ఆ గోడల దగ్గర ఇసుక పడేందుకు కావాలనే ఒక గొయ్యి త్రవ్వి ఉంచుతారు. అందులో పడ్డ ఇసుకను ఏటేటా తోడుతారు.

డ్రెడ్జరు ఎలా పని చేస్తుందో కూడా చెప్పాలి, ఎందుకంటే నేను ఇన్నాళ్లూ అదేదో నీళ్లమీద తేలే పొక్లెయిననే అనుకొన్నాను. అటువంటివీ ఉన్నాయి. రాయిలాంటి నేలను కొరకడానికి పండ్ల చక్రమున్న డ్రెడ్జరు వేరే ఉంది. అది కాళ్లవంటి రెండు ఉక్కు స్తంభాలు దింపుకొని, ఒకచోట నిలబడి అటూ ఇటూ ఊగుతూ కొరుకుతుంది. మా తమ్ముడు ఎక్కువ కాలం చేసినది మాత్రం నడిచే డ్రెడ్జరుమీద. అది నిజంగా ఓడే. ప్రక్కనుండి లావుపాటి గొట్టం నీళ్లలోకి దింపుతుంది. గొట్టం చివర వెడల్పు మూతి నేలమీద ఈడ్చుకొంటూ పోతుంది. మన ఇళ్లలో పంపు బావినీళ్లు లాగినట్టు లోపలి పెద్ద పంపు ఇసుకను నీళ్లతో కలిపి లాగి ఓడ పొట్టలో పోస్తుంది. ఇసుక అడుగుకు దిగుతుంది, పై నీరు పొర్లి బయటికి పోతుంది. పొట్ట నిండగానే గొట్టం పైకెత్తుకొని, సముద్రంలో నిర్ణయించిన చోటికి వెళ్లి అడుగు తలుపులు తెరుస్తుంది. ఒక్కసారిగా సరుకంతా జారిపోయి ఓడ పైకి లేస్తుంది. "మొదటిసారి కడుపులో తిప్పుతుందక్కా" అన్నాడు.

2010 తరువాత వచ్చిన కొత్త డ్రెడ్జర్లకు పొట్ట 5,500 ఘనపు మీటర్లు. మా వారు వెంటనే లెక్క కట్టారు. ట్రాక్టరు తొట్టికి మూడు ఘనపు మీటర్లు వేసుకొంటే ఒక్క నింపుకు 1,800 ట్రాక్టర్లు దాటుతుంది. మా తమ్ముడు పని చేసిన సంస్థ, అంటే డ్రెడ్జింగ్ కార్పొరేషన్, 1976లో ఏర్పడింది. ప్రధాన కార్యాలయం విశాఖలోనే. 2019లో ప్రభుత్వం తన వాటాను విశాఖతోపాటు మరి మూడు రేవులకు అమ్మింది. 12,000 ఘనపు మీటర్ల పొట్టగల డ్రెడ్జరు ఒకటి కట్టడానికి 2022లో కొచ్చిన్ షిప్‌యార్డుతో ఒప్పందమైంది. దానికి గోదావరి అని పేరు పెట్టారు. మట్టి తెచ్చే నది పేరు మట్టి తీసే ఓడకు పెట్టారన్నమాట. ఎవరు ఆలోచించారోగాని నాకు బాగా నచ్చింది.

అతని ఉద్యోగంలో ఎక్కువ కాలం విశాఖలో గడవలేదు. హల్దియాలో గడిచింది. అక్కడ హుగ్లీ నది. ఈ రోజు తీసినది రేపు మళ్లీ వచ్చి పడుతుంది. కలకత్తా రేవును పూడికనుండి కాపాడడానికి గంగమీద ఫరక్కా బ్యారేజీ కట్టి 1975లో నీళ్లు వదిలినా డ్రెడ్జర్ల పని తగ్గలేదు. పిల్లల పుట్టినరోజులు, క్రిస్మసులు ఎన్నో అక్కడే గడిచాయి. మా మరదలు ఈ మాట వచ్చినప్పుడు లేచి లోపలికి వెళ్లిపోయింది. పంపు ఆగకూడదు గనుక రాత్రింబగళ్లు వంతులవారీ పని. చప్పుడుకు చెవి ఒకటి సరిగ్గా వినబడదు. గొట్టం మూతికి చేపల వలలు, తాళ్లు, టైర్లు, ఈ మధ్య ప్లాస్టిక్ సంచులు చుట్టుకొంటే ఆపి చేతులతో కోసి తీయాలి. "మనం కాలువలో పారవేసే సంచులన్నీ నాకే వచ్చేవి" అన్నాడు. నేను మా ఇంటి వెనుక కాలువ గుర్తుకు వచ్చి ఏమీ అనలేదు.

సాయంకాలం కూడిక బాగా జరిగింది. మరునాడు రామకృష్ణా బీచికి వెళ్లాము. జలాంతర్గామిని చూడాలని నా కోరిక. అది చూచి కోస్టల్ బ్యాటరీ వైపు నడుస్తుంటే ఒడ్డున లావుపాటి ఇనుప గొట్టం కనబడింది. దాని నోటినుండి నల్లని నీరు ఉధృతంగా పడుతోంది. నీరు సముద్రంలోకి జారిపోతోంది, ఇసుక మేట వేస్తోంది. ఎదురుగా నీళ్లలో డ్రెడ్జరు నిలబడి ఉంది. రేవు దగ్గర గోతిలో పడ్డ ఇసుకను తెచ్చి ఇక్కడ ఒడ్డుకు పంపు చేస్తున్నారు. గోడలు దాటి రాలేని ఇసుకను గొట్టంలో ఎత్తి దాటిస్తున్నారన్నమాట.

అక్కడ చేపలు ఆరవేసుకొంటున్న ఒక పెద్దావిడను పలకరించాను. "మా సిన్నప్పుడు అల్లంత దూరం ఇసకేనమ్మా. తెప్పలు వరసగా ఎట్టుకొనేవోళ్లం, వలలు ఆరబెట్టుకొనేవోళ్లం. ఇప్పుడు రోడ్డు అంచుకొచ్చేసినాది సంద్రం" అంది. "ఈ ఇసుక పోస్తున్నారుగా?" అన్నాను. "పోస్తారు. వానాకాలమొస్తే సగం పోద్ది. మళ్లీ పోస్తారు. పొయ్యకపోతే అదీ లేదు కదమ్మా" అంది. హుద్‌హుద్ తుపాను 2014 అక్టోబరు 12న వచ్చినప్పుడు, ఆ తరువాతా ఒడ్డు బాగా కోసుకొనిపోయిన సంగతి చెప్పింది. కాకినాడకు ఉత్తరాన ఉప్పాడలో కూడా ఇళ్లూ రోడ్లూ సముద్రంలో పోతున్న సంగతి మనమంతా ఎరుగుదుము. అక్కడి కారణాలు ఒకటికంటె ఎక్కువ. విశాఖ ఒడ్డున మాత్రం ఆ గొట్టం దగ్గర నిలబడితే చిన్నపిల్లవాడికైనా అర్థమౌతుంది. ఏటా ఇక్కడ పోసే ఇసుక జాలరివారిమీద చూపించే దయ అని నేను అనుకోను. వారి ఒడ్డుకు రావలసిన ఇసుకే అది, ఆలస్యంగా వస్తోంది, కొంచెంగా వస్తోంది.

మా వారు ఆ ఇసుకను చూస్తూ చాలాసేపు నిలబడి, "ఏమయ్యా, ఎంత తీశారో, ఎంత పోశారో ఎవరు లెక్క చూస్తారు?" అని అడిగారు. ఆయన మనసు ఎక్కడుందో నాకు తెలుసు.

తమ్ముడు చెప్పిన జవాబు ఈ ప్రయాణంలో మాకు దొరికిన విలువైన సామాను. డ్రెడ్జరు దిగకముందే ఒక చిన్న పడవ తిరిగి నీటి అడుగు లోతు కొలుస్తుంది. పూర్వం తాడుకు సీసపు గుండు కట్టి వేసేవారు. ఇప్పుడు నేలకు శబ్దం పంపి, అది తగిలి తిరిగి వచ్చే వ్యవధినిబట్టి లోతు కట్టే యంత్రముంది. పని అయిన తరువాత అదే గీతలమీద మళ్లీ కొలుస్తారు. మొదటి పటానికీ రెండవ పటానికీ తేడా ఎంతో, డబ్బు అంతకే. ఎన్ని రోజులు చప్పుడు చేశావని అడగరు. అరమీటరు లోతు తక్కువైతే పెద్ద ఓడ కొన్ని వేల టన్నుల సరుకు వదులుకోవాలి గనుక రేవువారు ఊరుకోరు. "మీ కాలువకు ముందు కొలత ఉందా బావగారూ? వెనుక కొలత ఉందా?" అని అడిగాడు. లేదు. "మట్టి పోయడానికి చోటు ముందే చూచుకొన్నారా?" అది కూడా లేదు. "మా పనిలో సగం అదేనండీ. తోడడానికి పంపు చాలు. ఎక్కడ పోయాలో తేలక నెలల తరబడి ఓడలు కట్టివేసుకొని కూర్చొన్న రోజులున్నాయి" అన్నాడు.

తిరుగు ప్రయాణంలో రైలు అన్నవరం దాటేదాకా మా వారు టికెట్టు వెనుక ఏదో లెక్కలు వేస్తూనే ఉన్నారు.

ఇంటికి వచ్చిన తరువాత జరిగినది చెప్పి ముగిస్తాను. మురుగు కాలువ ప్రక్కన మా చేనికి మూల ఒకటి పల్లంగా ఉంది. ఏ పంటా సరిగ్గా పండదు. ఆ మూలలో పూడిక మట్టి పోసుకోమని, గట్టునుండి ఇరవై గజాలు లోపలికి వేయమని మా వారు వ్రాతపూర్వకంగా అర్జీ పెట్టారు. ప్రక్క చేనివారు, "మీ చేను మెరకైతే మీ నీళ్లు మా చేలోకి వస్తాయి" అని అడ్డం తిరిగారు. వారి మాటలోనూ న్యాయముంది. విశాఖ ఇసుక కథ విన్నాక నేను వారినే సమర్థించాను, ఆ రాత్రి ఇంట్లో కొంచెం మాటా మాటా వచ్చింది. చివరకు రెండు చేలకూ మధ్య చిన్న బోదె త్రవ్వుకొందామని, వారి పల్లంలో కూడా సగం మట్టి పోయిద్దామని ఒప్పందం కుదిరింది. దిగువనున్న మూడవవారు ఇంకా ఒప్పుకోలేదు. కొబ్బరి చెట్లకు బురద పోస్తే వేళ్లు కుళ్లుతాయని వారి భయం.

పొక్లెయిను ఇంతవరకు రాలేదు. మా వారు మాత్రం పొడుగాటి వెదురుగెడ ఒకటి చెక్కి, దానిమీద అడుగులు, అంగుళాలు ఎర్ర రంగుతో గీసి పెట్టుకొన్నారు. తూము దగ్గర, రేవు మెట్ల దగ్గర, మా చేని మూల దగ్గర, మూడు చోట్ల గట్టుమీద రాళ్లు పాతి గుర్తులు పెట్టారు. నెలకొకసారి ఆ మూడు చోట్లా గెడ దింపి, ఒక పాత నోటుపుస్తకంలో తేదీ వేసి వ్రాస్తున్నారు. మొదట నవ్విన కుర్రవాళ్లు ఇప్పుడు గెడ పట్టుకోవడానికి వెంట వెళుతున్నారు. నీటిమట్టంనుండి బురద వరకు, మొన్నటి కొలత: తూము దగ్గర మూడడుగుల రెండంగుళాలు, రేవు మెట్ల దగ్గర రెండడుగుల పది, మా మూల దగ్గర ఒక అడుగు ఏడంగుళాలు.